పారాసిటమాల్‌కు రెండో పేరు ఎలా వచ్చింది?

గర్భిణులు టైలెనాల్ వాడితే పిల్లలకు ఆటిజం రావచ్చు, వాడొద్దని 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు అన్న దగ్గర్నుంచి చాలామందిని ఒక సందేహం పట్టుకుంది: అది మనం వేసుకునే పారాసిటమాలేనా? అదే. ఆటిజంతో దానికి సంబంధం ఉందనడానికి నిర్ధారిత ఆధారాల్లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వారంలోనే చెప్పింది. పేరు దగ్గరి తికమక మాత్రం తీరలేదు.

పేర్లన్నీ ఒకే రసాయన నామం ముక్కలు: పారా-ఎసిటైల్-అమైనో-ఫినాల్. మొదటి 'పారా', 'ఎసిట్', 'అమ్', చివరి 'ఓల్' కలిపితే పారాసిటమాల్. పారాను, ఓల్‌ను వదిలేస్తే ఎసిటమినోఫెన్. ఎసిటైల్ తోకను ఫినాల్ తోకకు అతికిస్తే టైలెనాల్, ఇది బ్రాండు.

ఎసిటనిలైడ్ అనే పాత జ్వరం మందు ఒంట్లో ఈ మందుగా మారే పనిచేస్తుందని శాస్త్రవేత్తలు బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ 1948లో చూపారు. పేర్లు రెండుగా చీలిన మలుపు ఆ తర్వాతి పదమూడేళ్లలో ఉంది. ప్రతి మందుకూ ప్రపంచమంతటా ఒకే పేరుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సభ 1950లో తీర్మానించింది. ఆ పేర్ల తొలి జాబితా 1953లో వచ్చింది. టైలెనాల్ అమెరికాలో 1955లో, ఇదే మందు మరో బ్రాండు పెనడాల్ బ్రిటన్‌లో 1956లో అమ్మకానికొచ్చాయి. అమెరికా తన మందుల పేర్లకు సొంత కమిటీ పెట్టుకున్నది 1961లో. అప్పటికే వాడుకలో ఉన్న పేరును మారిస్తే వైద్యులు తడబడతారన్నది అక్కడి వాదన. తడబాటు తప్పలేదు, రోగి మీద పడిందంతే. అంతర్జాతీయ పేరు పారాసిటమాల్. అమెరికా, కెనడా, జపాన్ ఎసిటమినోఫెన్ దగ్గరే ఉండిపోయాయి.

దీనికి తోడు అమెరికా ప్రిస్క్రిప్షన్ సీసాల మీద 'ఏపీఏపీ' అన్న పొట్టి పేరూ వేసేవారు. మూడూ ఒకటేనని తెలియకపోతే ఏమవుతుందో లెక్కేయండి. 500 మి.గ్రా. మాత్రలు రెండేసి, రోజుకు నాలుగుసార్లు: 4,000 మి.గ్రా. పెద్దలకు రోజు మొత్తానికి గరిష్ఠ పరిమితి అంతే. దానిపైన 325 మి.గ్రా. ఉన్న జలుబు మాత్రలు కూడా రెండేసి నాలుగుసార్లు వేస్తే మరో 2,600. మోతాదు మించినప్పుడు పుట్టే 'నాప్‌క్వి' అనే విషపదార్థాన్ని విరిచే గ్లూటాథయోన్ కాలేయంలో అడుగంటుతుంది. మొదటి రోజు వికారం తప్ప పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ ఎనిమిది గంటల్లోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి ఆ నిశ్శబ్దమే ప్రమాదం.

ప్రిస్క్రిప్షన్ మీద ఇచ్చే మిశ్రమ మందుల్లో ఒక్కో మాత్రకు 325 మి.గ్రా. మించొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో తయారీదారులను కోరింది. మోతాదు తగ్గింది. రెండు పేర్లూ అలాగే ఉన్నాయి.