సిసిలీ జానపద జీవితం: అపోహలు - వాస్తవాలు

జానపద విజ్ఞానం క్లాసులో సిసిలీ ఊసెత్తితే చాలు, ముందు వినిపించే మాట మాఫియా. దాదాపు 48 లక్షల మంది బతుకుతున్న ఇటలీ దీవి అది. వాళ్ల పండగలు, ఆటలు, తిండి గురించి నన్ను తరచూ అడిగేవాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: సిసిలీ బొమ్మలాట పిల్లల కాలక్షేపం.

'ఓపెరా దెయి పూపి' అనే ఈ బొమ్మలాట (పూపి అంటే బొమ్మలు) పెద్దవాళ్ల కోసం పుట్టింది. 19వ శతాబ్దంలో సిసిలీ నగరాలైన పలెర్మో, కతానియా పేటల్లో రోజంతా ఒళ్లు హూనం చేసుకున్న కూలీలు, జాలర్లు, బండివాళ్లు సాయంత్రానికి ఇరుకు ఆటశాలల్లో బల్లల మీద చేరేవారు. షార్లెమేన్ చక్రవర్తి కొలువులోని వీరులు ఓర్లాండో, రినాల్డో, ఇద్దరూ మనసు పారేసుకున్న ఆంజెలికా... ఈ కథ రోజుకో ఘట్టం చొప్పున నెలల తరబడి నడిచేది. ద్రోహి గానో రంగం మీదికొస్తే తిట్లు లంకించుకునేవారు, చేతికందింది విసిరేవారు. తెల్లవార్లూ తోలుబొమ్మల రామాయణం చూసిన మన ఊళ్ల పెద్దలకు ఆ ఆవేశం బాగా తెలుసు.

అపోహ: ఆ బొమ్మల్ని దారాలతో ఆడిస్తారు.

ప్రధానంగా ఇనుప కడ్డీలతో. తల గుండా దిగే కడ్డీ ఒకటి, కుడిచేతికి మరొకటి. చెక్క ఒంటి మీద రాగి, ఇత్తడి కవచాలు. పలెర్మో బొమ్మ మీటరుకు అటూ ఇటూ ఉంటుంది, మోకాలు వంచుతుంది, ఒరలోంచి కత్తి దూసి మళ్లీ ఒరలో పెడుతుంది. కతానియా బొమ్మ అంతకంటే బాగా పొడుగు, బరువు 30 కిలోల దాకా ఉంటుంది. దాని మోకాళ్లు వంగవు, కత్తి ఎప్పుడూ పిడికిట్లోనే. అందుకే ఆడించే పద్ధతీ వేరు: పలెర్మోలో రంగానికి పక్కన నిలబడి ఆడిస్తారు, కతానియాలో వెనక ఎత్తయిన వంతెన మీద నుంచి. యుద్ధం రాగానే ఆడించేవాడు కాలితో చెక్క మీద దబదబా తొక్కుతాడు. ఆ చప్పుడు, కవచాల మోత కలిసి చూసేవాళ్లకు ఊపిరి ఆడనివ్వవు. తల తెగిపడే బొమ్మలు, నిలువునా రెండుగా చీలే బొమ్మలు విడిగా చేసి ఉంచుతారు. యునెస్కో 2001లోనే ఈ కళను గుర్తించింది.

అపోహ: ఇవన్నీ వేల ఏళ్ల నాటివి.

పూపి ఇప్పుడున్న రూపానికి వచ్చింది 19వ శతాబ్దంలోనే. రంగులద్దిన గుర్రబ్బండ్లూ అంతే, రోడ్లు పడ్డాకే వచ్చాయి. పాతదనం అంటగడితేనే గౌరవం అనుకోవడం నాకు నచ్చదు. ఈ జీవితాన్ని రాసిపెట్టిన జుసెప్పె పిత్రే (1841-1916) పలెర్మోలో వైద్యుడు. రోగుల ఇళ్లకు తిరుగుతూ విన్న కథలు, సామెతలు, ఆచారాలు ఆయన చేతిలో 25 సంపుటాలయ్యాయి. పలెర్మోలో 1975లో అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం పెట్టిన ఆంతోనియో పస్క్వలీనో కూడా డాక్టరే, సర్జన్. టీవీ దెబ్బకు ఆటశాలలు మూతపడి బొమ్మలు పాతసామాన్ల దుకాణాలకు చేరుతున్న కాలంలో వాటిని ఏరి కాపాడిన మనిషి.

అపోహ: చనిపోయినవాళ్ల పండగ ఏడుపుల రోజు.

నవంబర్ 2 పిల్లలు ఎదురుచూసే రోజు. ముందు రాత్రి పోయిన తాతమ్మలు, తాతయ్యలు వచ్చి కానుకలు దాచిపెట్టి వెళతారని నమ్మిస్తారు: పంచదార బొమ్మలు, బాదం ముద్దతో అచ్చం పండులా చేసి రంగులేసిన 'మార్తొరానా'. అల్లరి పిల్లల పాదాలు కోరేస్తారన్న భయంతో ఆ రాత్రి ఇంట్లో కోరాన్ని దాచేసేవారు. పొద్దున కానుకలు వెతుక్కున్నాక కుటుంబమంతా పూలతో సమాధుల దగ్గరికి వెళతారు.

అపోహ: ఇటలీ అంటే రోజూ పాస్తా.

డిసెంబర్ 13, సాంతా లుచీయా అనే క్రైస్తవ సన్యాసిని పండగ రోజున పలెర్మోలో పాస్తా, రొట్టె ముట్టరు. 1646 కరువులో గోధుమల ఓడ వచ్చిందని, పిండి పట్టించేదాకా ఆగలేక జనం గింజలే ఉడికించుకు తిన్నారని కథ. ఆ గింజలే ఇప్పుడు రికోటా అనే మెత్తటి జున్ను కలిపి తీపిగా తినే 'కుచ్చీయా'. అన్నం ఉండల్లో మసాలా కూరి వేయించే అరాంచీనె ఆ రోజు వీధివీధినా దొరుకుతాయి.