పేలని గింజలకు మెషిన్‌ను తిట్టకండి: ఇంటి పాప్‌కార్న్‌పై అపోహలు - వాస్తవాలు

గాజు పెట్టెలో కెటిల్ (గింజలు పేల్చే గిన్నె) వేలాడే పాతకాలం మెషిన్లకు ఆద్యుడు షికాగోకు చెందిన చార్లెస్ క్రెటర్స్. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన బండి ఆవిరి ఇంజిన్‌తో నడిచింది. ఇప్పుడు ఆవిరి స్థానంలో కరెంటు వచ్చింది. గింజల్ని నూనెలో కలుపుతూ పేల్చే పద్ధతి మాత్రం మారలేదు.

అపోహ: ఎండిన మొక్కజొన్న ఏదైనా పేలుతుంది.

పేలదు. పాప్‌కార్న్ రకం గింజకు తొక్క గట్టిగా, ఆవిరి బయటికి పోకుండా ఉంటుంది. లోపలి తేమ సుమారు 180 డిగ్రీల దగ్గర ఆవిరై, బయటి గాలికి 9 రెట్ల దాకా ఒత్తిడి పెంచాకే తొక్క చిట్లుతుంది. కోళ్ల దాణాకు వాడే మొక్కజొన్న తొక్క ఆ ఒత్తిడిని ఆపలేదు.

అపోహ: గింజలు మిగిలిపోతే మెషిన్‌లో వేడి చాలట్లేదు.

ఎక్కువసార్లు తప్పు గింజలదే. వాటిలో తేమ 14 శాతం దగ్గర ఉండాలి. మూత వదులైన డబ్బాలోనో, ఫ్రిజ్‌లోనో ఉంచితే ఆరిపోతాయి. అలాగని నానబెట్టకండి. మూడు కప్పుల గింజల్ని లీటరు సీసాలో పోసి, ఒక టేబుల్ స్పూన్ నీళ్లు చల్లి, బిగుతుగా మూత పెట్టి ఊపండి. రోజుకు రెండుసార్లు ఊపుతూ మూడు నాలుగు రోజులు ఉంచి, గుప్పెడు పేల్చి చూడండి. తొక్కకు పగులుంటే ఏం చేసినా పేలదు, పారేయాల్సిందే.

వేడి విషయం కూడా చూద్దాం. చల్లటి కెటిల్‌లో గింజలు వేస్తే మెల్లగా కాగుతూ, మొన దగ్గర నుంచి ఆవిరి కారిపోతుంది. ముందు 3 నుంచి 5 నిమిషాలు కెటిల్‌ను కాగనివ్వండి. 4 ఔన్సుల కెటిల్‌కు 113 గ్రాముల గింజలు, 40 మి.లీ. కొబ్బరి నూనె, అర టీ స్పూన్ మెత్తని ఉప్పు చాలు. కలిపే కడ్డీ తిరుగుతోందో లేదో చూసుకోండి. అది ఆగితే అడుగున ఉన్నవి మాడి, పైనవి పచ్చిగా ఉంటాయి. మూడు నిమిషాల్లోపే చప్పుళ్లు పలచబడతాయి. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య రెండు మూడు సెకన్లు పట్టగానే ఒంపేయండి. చివరి గింజ కోసం ఆగితే మిగతావన్నీ మాడుతాయి. రెండో వాయికి కెటిల్ కాగే ఉంటుంది, మళ్లీ ఆగక్కర్లేదు.

అపోహ: రుచి కోసం కెటిల్‌లో వెన్న వేయాలి.

వెన్నలో నీరు, పాల పదార్థం ఉంటాయి. ఆ పాల పదార్థం పేలే వేడికి ముందే మాడి చేదెక్కుతుంది. నెయ్యి వేసుకోవచ్చు. క్రెటర్స్ కాలంలోనూ వాడింది కాచి వడకట్టిన వెన్ననే, అందులో పందికొవ్వు కలిపేవారు. రంగు కావాలంటే నూనెలో చిటికెడు పసుపు వేయండి.

అపోహ: ఉప్పు చివర్లో చల్లాలి.

పొడి పాప్‌కార్న్‌కు ఉప్పు అంటదు, అడుక్కి జారిపోతుంది. నూనెతోపాటే వేయండి. రాళ్ల ఉప్పయితే మిక్సీలో పొడి చేయాల్సిందే.

అపోహ: గాజు తలుపు మూసి, దీపం వేస్తే కరకరలాడుతూ ఉంటుంది.

ఒంపిన వెంటనే తలుపు మూస్తే ఆవిరి లోపలే తిరిగి పాప్‌కార్న్ మెత్తబడుతుంది. రెండు నిమిషాలు తలుపు తెరిచి కలియబెట్టండి. దీపం వేడిని నిలుపుతుందంతే, మెత్తబడినదాన్ని బాగు చేయదు.

అపోహ: కెటిల్‌ను సింక్‌లో వేసి తోమాలి.

వేడిచేసే కాయిల్ అందులోనే ఉంటుంది, నీళ్లలో ముంచకూడదు. ప్లగ్ తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవండి. పాత నూనె పేరుకుంటే తర్వాతి వాయికి మాడు వాసన పడుతుంది.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన మెషిన్‌కు ప్లగ్ అడాప్టర్ చాలు.

అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. 120 వోల్టుల కాయిల్‌ను 230కి కలిపితే కరెంటు దాదాపు రెండింతలై, మూడున్నర రెట్లకు పైగా వేడెక్కి కాలిపోతుంది. మెషిన్ వెనక రాసిన వాట్ల కంటే పెద్ద, వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని బరువు, ధర చూశాక మెషిన్‌ను అక్కడే వదిలి రావడం మేలనిపిస్తుంది.