పదహారో మలుపు దగ్గర ఉంటాం

గ్రెనోబుల్, ఫ్రాన్స్,
జూన్ 14, 2026.

చి. బబ్లూకి, చి. కుమారి చిన్నికి,

తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇచ్చట మేము, అత్త, మామయ్య అందరమూ క్షేమం. అక్కడ మీ క్షేమం తెలుపవలెను. (ముప్పై ఏళ్ళు టపా మోసినవాణ్ణి. ఈ మాటలు పడకపోతే నాకు చెయ్యి సాగదు.)

మొన్న ఫోన్లో బబ్లూ ఒక ప్రశ్న వేశాడు. "సైకిళ్ళు వెళ్ళడం చూడ్డానికి ముందురోజే కొండెక్కి పడుకుంటారా తాతయ్యా? టీవీలో రాదా?" మీ నాన్న పక్కనుంచి నవ్వాడు. నానమ్మ కూడా నవ్వింది కానీ, ఆవిడ అప్పటికే కొండమీదికి పులిహోర ఏ గిన్నెలో పట్టుకెళ్ళాలా అని చూస్తోంది. ఫోన్లో చెబితే సగం గాల్లో పోతుంది. అందుకే రాస్తున్నాను. చిన్నికి ఎక్కడైనా అర్థం కాకపోతే, బబ్లూ, విసుక్కోకుండా చదివి చెప్పు.

ఈ సైకిలు పందెం పేరు టూర్ ద ఫ్రాన్స్. మొదలైంది 1903లో. లోటో అనే పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టింది. అప్పుడు ఆరే దశలు. ఒక్కో దశ రాత్రీ పగలూ తొక్కేటంత పొడవు. మొదటిసారి గెలిచినవాడు మోరిస్ గారాన్. ఆ పత్రిక పసుపుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. 1919 నుంచి అందరికంటే ముందున్నవాడికి పసుపు చొక్కా తొడగడం ఆ రంగు చూసే అంటారు. ఇప్పుడు 21 దశలు, రోజుకొకటి, మధ్యలో రెండు రోజులు విశ్రాంతి, మొత్తం మూడు వేల కిలోమీటర్ల పైమాట. ఇరవైకి పైగా జట్లు, జట్టుకి ఎనిమిది మంది. రోజూ ఎవరికి ఎంతసేపు పట్టిందో కూడుకుంటూ పోతారు. మొత్తం మీద తక్కువ సమయం ఎవరిదైతే పసుపు చొక్కా వాడిది. ఒక్కరోజు కూడా గెలవకుండా మొత్తం పందెం గెలవచ్చు. బబ్లూ, నువ్వు లెక్కల్లో హుషారు కదా, అదెలాగో ఆలోచించు.

ఈసారి జూలై 4న బార్సిలోనాలో మొదలవుతుంది. ఫ్రాన్స్ పందెం స్పెయిన్‌లో మొదలవడమేమిటని అడక్కండి, అదో పెద్ద గౌరవంగా ఊళ్ళు పోటీపడి పిలుస్తాయి. మనకి కావలసింది 24, 25 తేదీలు. శుక్రవారం, శనివారం. ఆ రెండు రోజులూ పందెం ఇక్కడికి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆల్ప్ దుయెజ్ అనే ఒకే కొండమీద ముగుస్తుంది. శుక్రవారం కింద బుర్ ద్వాజాన్ ఊరినుంచి మామూలు రోడ్డున ఎక్కుతారు. శనివారం క్రువా ద ఫేర్, తెలెగ్రాఫ్, గాలిబియే అనే మూడు కనుమలు దాటొచ్చి, కొండ వెనకవైపు నుంచి, సారెన్ దారిన పైకి చేరతారు. మర్నాడు పారిస్‌లో ఆఖరు. అంటే పసుపు చొక్కా ఎవరిదో తేలాల్సింది మా ఇంటి పక్కనే అన్నమాట! ఆ తేదీలు పోయిన అక్టోబరులో చెప్పారు. అప్పట్నుంచీ వంటింటి క్యాలెండర్లో ఆ రెండు గళ్ళ చుట్టూ ఎర్ర సున్నాలున్నాయి.

ఇప్పుడు బబ్లూ ప్రశ్న. ముందురోజే ఎందుకు?

కిందటేడు జూలైలో మామయ్య నన్ను వలాన్స్ వైపు తీసుకెళ్ళాడు. బొలెన్ నుంచి వలాన్స్‌కి దశ, చాలావరకు చదునైన రోడ్డు. మూడు గంటలు నిలబడ్డాం. చినుకులు పడ్డాయి. "వస్తున్నారు, వస్తున్నారు" అని అరిచారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాను. వెళ్ళిపోయారు! నేను చూసింది ఆఖరి పది మంది వీపులు, వాళ్ళ వెనక కార్ల మీద సైకిళ్ళు. నానమ్మ ఆ సంగతి ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

చదునులో గుంపు గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో పోతుంది. అలా ఎలా పోగలదో నాకు పుస్తకం చదవక్కర్లేకుండానే తెలుసు. ఓడలరేవు వైపు టపా పట్టుకెళ్ళే రోజుల్లో మధ్యాహ్నం సముద్రపుగాలి ఎదురు కొట్టేది. పెడలు మీద లేచి నిలబడి తొక్కినా సైకిలు కదిలేది కాదు. ఎప్పుడైనా గడ్డి వేసుకెళ్ళే ట్రాక్టరు దొరికిందా, దాని వెనక చేరిపోయేవాణ్ణి. గాలంతా గడ్డిమోపు మింగేది, నేను హాయిగా కాళ్ళాడిస్తూ పోయేవాణ్ణి. ఇక్కడ ట్రాక్టరు బదులు ముందున్న మనిషి వీపు. వెనకున్నవాడికి శ్రమ సుమారు మూడో వంతు తగ్గుతుంది. అందుకే జట్టులో ఒక్కడి కోసం ఏడుగురు గాలికి ఎదురు నిలుస్తారు, వెనక కార్ల దగ్గరికి వెళ్ళి నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని తెచ్చిస్తారు. వాళ్ళ పేర్లు పేపర్లో రావు. మీరు ట్రాక్టరు వెనక వెళ్ళకండి, అది వేరే సంగతి.

కొండెక్కితే ఆ ఆట సాగదు. ఆల్ప్ దుయెజ్ ఎక్కుడు 13.8 కిలోమీటర్లు, సగటున నూరు మీటర్లకి ఎనిమిది మీటర్ల పైచిలుకు పైకి. మొదటి రెండు కిలోమీటర్లయితే పది దాకా. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఫస్టు గేరులో పడి మూలుగుతుందే, అలాంటి చోట సైకిలు తొక్కడం అనుకోండి. గట్టివాళ్ళు కూడా నలభై నిమిషాల దరిదాపుల్లో ఎక్కుతారు. అంటే గంటకి ఇరవై కిలోమీటర్లు. ఆ వేగంలో ముందువాడి వీపు పెద్దగా కాపాడదు. ఎవడి కాళ్ళు వాడివే. గుంపు చీలిపోతుంది, ఒక్కొక్కడూ విడిగా వస్తాడు, ముఖం కనిపిస్తుంది, ఊపిరి కూడా వినిపిస్తుంది. మొదటివాడు వెళ్ళాక ఆఖరివాడు రావడానికి అరగంట పైనే పట్టవచ్చు. కళ్ళజోడు ఎన్నిసార్లయినా తుడుచుకోవచ్చు.

అందుకే కొండకి జనం ఎగబడతారు. రోడ్డు కార్లకి ముందే మూసేస్తారు, వ్యాన్లలో వచ్చేవాళ్ళు కొన్ని రోజుల ముందే వచ్చి చోటు పట్టుకుంటారు. టిక్కెట్టు లేదు. నాకు ఈ పందెంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. రోజూ పాలవ్యాను తిరిగే రోడ్డే ఆ పూటకి మైదానం, గట్టు మీద గడ్డే గ్యాలరీ. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల కోసం పొద్దున్నే వెళ్ళి చేలగట్ల మీద కూర్చుంటాం కదా. ప్రభ కనిపించేది కాసేపే. కానీ "తీర్థానికి వెళ్ళొచ్చాం" అంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా అంతా తీర్థమే కదా. ఇదీ అంతే.

కొండకి 21 మలుపులు. కింద 21తో మొదలై పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతాయి. ఒక్కో మలుపు దగ్గర ఇక్కడ గెలిచినవాళ్ళ పేర్లతో పలక ఉంటుంది. 21వ మలుపు ఇటలీవాడు ఫౌస్టో కొప్పిది. 1952లో ఈ కొండమీద మొదటిసారి గెలిచింది ఆయనే. ఏడో మలుపుని డచ్చివాళ్ళ మలుపు అంటారు. 1976 నుంచి 1989 లోపు హాలెండ్ వాళ్ళు ఇక్కడ ఎనిమిదిసార్లు గెలిచారు. వాళ్ళ దేశంలో ఇలాంటి కొండలే లేవు, చూడండి విడ్డూరం. ఆ మలుపంతా నారింజరంగు చొక్కాలు, పాటలు, బీరు. మామయ్యకి అక్కడ ఉండాలని ఉంది. నానమ్మ ఒక్క చూపు చూసింది. మేం పదహారో మలుపు దగ్గర, లా గార్డ్ అనే చిన్న ఊరి పక్కన ఉంటాం. నిటారు ముక్క అప్పుడే ఎక్కి ఉంటారు, ఎవడి పని అయిపోయిందో అక్కడే తెలిసిపోతుంది.

"అమ్మాయిలకి లేదా?" అని చిన్ని అడిగింది. ఉంది తల్లీ. ఆడవాళ్ళ పందెం చాలా ఏళ్ళు ఆగిపోయి, 2022 నుంచి మళ్ళీ జరుగుతోంది. 2024లో అది ఈ కొండమీదే ముగిసింది. హాలెండ్ అమ్మాయి డెమి వోలెరింగ్ ఆ రోజు దశ గెలిచింది. 1989 తరవాత మగవాళ్ళ పందెంలో ఒక్క డచ్చివాడూ గెలవని కొండ అది. గెలిచి గీత దగ్గరే ఎదురుచూసింది. పోలండ్ అమ్మాయి కాషియా నీవియాదోమా కాస్త వెనకగా వచ్చింది. ఎనిమిది దశల పందెం అంతా కూడితే నాలుగే నాలుగు సెకన్ల తేడాతో పసుపు చొక్కా కాషియాకి దక్కింది. "నాలుగు సెకన్లు" అని గట్టిగా పలికి చూడు, ఆ పలికేలోపు అయిపోతుంది.

పందేనికి రెండు గంటల ముందు బండ్ల ఊరేగింపు వస్తుంది. కంపెనీల ప్రచార బండ్లు. 1930 నుంచీ ఉన్న ఆచారం. సాసేజి ఆకారం బండ్లు, బొమ్మల బండ్లు, పాటలు, పైనుంచి విసిరే టోపీలు, తాళంచెవుల రింగులు, మిఠాయిలు. ఆ పూట బ్యాంకు మేనేజరు, డాక్టరు అన్న తేడా ఉండదు. కిందటేడు సూటువేసుకున్న ఒక పెద్దమనిషి నా కాలికింద పడ్డ ఐదు పైసల రబ్బరు రింగు కోసం నా కాలు ఎత్తించాడు. మీకోసం రెండు టోపీలు దాచాను. ఈసారి ఇంకో రెండు.

ఒక్క సంగతి మాత్రం నవ్వులాట కాదు. 2021లో మొదటి దశలో ఒకావిడ అట్టముక్క మీద "తాతయ్య, నానమ్మ" అని జర్మన్‌లో రాసి, టీవీ కెమెరాకి చూపిస్తూ రోడ్డులోకి వంగింది. సైకిళ్ళు వచ్చే వైపు వీపు పెట్టింది. ఒక సైక్లిస్టు ఆ అట్టకి తగిలి పడ్డాడు, వాడి మీద పదులమంది. తరవాత కోర్టు ఆవిడకి 1,200 యూరోల జరిమానా వేసింది. ఈ కొండమీదే 2018లో ఇటలీవాడు నిబాలి ప్రేక్షకుడి కెమెరా పట్టీలో చిక్కుకుని పడి, వెన్నుపూస విరిగినా లేచి పైదాకా తొక్కాడు. కాబట్టి మీ ఊళ్ళో ఏ పరుగుపందెం చూడ్డానికి వెళ్ళినా ఎదురుగా వచ్చేవాళ్ళకేసి చూడండి. ఫోటో రాకపోతే పోయింది.

ఎవరు గెలుస్తారని అడుగుతారు. అందరి నోటా పొగాచార్ పేరే. స్లొవేనియావాడు. ఇప్పటికి నాలుగుసార్లు గెలిచాడు. ఐదోది వస్తే, ఐదేసిసార్లు గెలిచిన ఆంక్తిల్, మెర్క్స్, ఇనో, ఇండురైన్ పక్కన చేరతాడు. డెన్మార్క్ కుర్రాడు వింగెగార్ మాత్రమే వాణ్ణి రెండేళ్ళు, 2022లో, 2023లో ఓడించాడు. మందులు మింగి గెలిచిన దొంగలూ ఈ పందెంలో ఉన్నారు. ఏడుసార్లు గెలిచాడనిపించుకున్న ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు 2012లో కొట్టేశారు. అందుకే ఎవరైనా మరీ సులువుగా కొండెక్కితే ఇక్కడి ముసలివాళ్ళు చప్పట్లు కొడుతూనే ఒక కనుబొమ్మ ఎత్తుతారు. నేనూ ఎత్తుతాను.

నిజం చెప్పాలంటే నేను ఎదురుచూసేది ముందొచ్చేవాళ్ళ కోసం కాదు. బరువైన వాళ్ళు, చదునులో గెలిచేవాళ్ళు, కొండల్లో ఆఖర్న ఒక గుంపుగా కలిసి వస్తారు. దాన్ని "బస్సు" అంటారు. గెలిచినవాడి సమయాన్ని బట్టి ఒక గడువు ఉంటుంది, అది దాటితే మర్నాడు ఇంటికే. అందుకని పోటీ పక్కన పెట్టి, లెక్కలు వేసుకుంటూ, ఒకరికొకరు తోడుగా ఎక్కుతారు. వాళ్ళ వెనక ఊడ్చుకుపోయే బండి వస్తుంది, ఆగిపోయినవాళ్ళని ఎక్కించుకోడానికి. దాన్ని చీపురు బండి అనే పిలుస్తారు. జనం వాళ్ళకి కొట్టే చప్పట్లు వేరు. వానలో, ఎదురుగాలిలో ఆఖరి ఉత్తరం ఇచ్చి గడపదాటుతుంటే "కాసిని మజ్జిగ తాగి వెళ్ళండి పోస్టుమాస్టారూ" అనేవాళ్ళే, ఆ గొంతు ఉంటుంది అందులో.

మీకు ఒక్క కథ చెప్పి ముగిస్తాను. 1913లో యూజెన్ క్రిస్టోఫ్ అనే ఆయన పిరనీస్ కొండల్లో టూర్మలే అనే కనుమ దిగుతుంటే సైకిలు ముందు ఫోర్కు విరిగింది. అప్పటి రూలు ప్రకారం ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా కిందికి నడిచాడు. ఊళ్ళో కొలిమి కనబడింది. తనే ఇనుము కాల్చి, తనే సుత్తి పట్టి ఫోర్కు అతికించుకున్నాడు. పందెం అధికారులు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి ఒక కుర్రాడు తిత్తి ఊదాడు. అది సాయం కిందికి వస్తుందని జరిమానాగా సమయం కలిపారు! ఆరేళ్ళ తరవాత, 1919లో, మొట్టమొదటి పసుపు చొక్కా తొడిగింది ఆయనకే. నాకు మాత్రం ఆ తిత్తి ఊదిన కుర్రాడే ఎక్కువ గుర్తొస్తాడు. బబ్లూ వయసువాడే అయివుంటాడు.

ఇక మీ పని. రోడ్డు మీద ఇష్టమైనవాళ్ళ పేర్లు రాయడం ఇక్కడ ఆనవాయితీ. గురువారం సాయంత్రం మేం పైకి వెళతాం, మామయ్య నీళ్ళకి పోయే తెల్లరంగు కొన్నాడు. పదహారో మలుపులో తెలుగులో రాస్తాను. హెలికాప్టర్లోంచి కనబడాలంటే అక్షరం మనిషంత ఉండాలి, నా నడుము సంగతి మీకు తెలుసు. కాబట్టి ఒత్తులు లేని పొట్టి పేరు చూసి పంపండి. మన టైము మూడున్నర గంటలు ముందు, కాబట్టి వాళ్ళు కొండెక్కేసరికి మీకు చీకటి పడుతుంది. అన్నాలు తిని కూర్చోండి.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: నానమ్మ "చిన్ని" అని రాయమంటోంది. చిన్ని పందెంలో లేదుగా అంటే, "తెలుగులో రాస్తే వాళ్ళు చదువుతారా ఏమిటి, చదివేది మనమేగా" అంటోంది.