కెప్టెన్ నవ్వాడు, మేమూ నవ్వాం

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ బళ్లో మాది కబడ్డీ టీం. ఇంట్లో తెలుగు, క్లాసులో మరాఠీ, గ్రౌండులో రెండూ కలిపి. ఓ సాయంత్రం ప్రాక్టీసయ్యాక బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాం. సైకిళ్ల మీద వెళ్తున్న అమ్మాయిలను చూసి మావాడొకడు కామెంటు కొట్టాడు. మేమంతా ముందు కెప్టెన్ మొహం చూశాం. అతను నవ్వాడు. అప్పుడు మేమూ నవ్వాం. ఒకమ్మాయి సైకిలు చైను అక్కడే ఊడింది. వంగి దాన్ని ఎక్కించుకుంటున్నంతసేపూ మా నవ్వు ఆగలేదు.

ఆడవాళ్లపై హింస గురించి ఈ దేశంలో చట్టం మారడానికి మా గడ్చిరోలి జిల్లాయే ఒక కారణమని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. 1972 మార్చిలో, జిల్లా ఉత్తర కొసన ఉన్న దేశాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో (అప్పటికి అది చంద్రపూర్ జిల్లా) ఒక ఆదివాసీ అమ్మాయిపై ఒక పోలీసు అత్యాచారం చేశాడని, ఇంకొకడు లైంగిక దాడి చేశాడని కేసు. ఆ అమ్మాయి పేరు మీద చెప్పుకునే మథుర కేసంటే అదే. సెషన్స్ కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది, 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. ఒంటిపై గాయాలు లేవు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టేనన్న ఆ వాదన మీద 1979లో నలుగురు లా ప్రొఫెసర్లు బహిరంగ లేఖ రాశారు. మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. 1983లో చట్టం మారింది. దాంతో కస్టడీలో అత్యాచారం ప్రత్యేక నేరమైంది.

చట్టం స్టేషన్ దాకా, కోర్టు దాకా వచ్చింది. బోరింగు దగ్గరికి రాలేదు.

1993లో గడ్చిరోలి జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. తాగొచ్చి కొట్టే మొగుళ్లతో విసిగిన ఆడవాళ్ల పోరాటం దాని వెనక ఉంది. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం సంగతి తెలిసిన తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అదే ఏడు ముంబైలో ఈ హింసకు ఎదురు నిలవాలనుకున్న మగవాళ్లే ‘మావా’ అనే సంస్థ పెట్టుకున్నారు. అదే ఏడు అమెరికాలో, బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో జాక్సన్ కాట్జ్ అనే కార్యకర్త కాలేజీ ఆటగాళ్లతో ‘మెంటార్స్ ఇన్ వయొలెన్స్ ప్రివెన్షన్’ అనే శిక్షణ మొదలుపెట్టాడు.

ఆటగాళ్లనే ఎందుకు పట్టుకున్నాడంటే, కాలేజీలో వాళ్ల మాట చెల్లుతుంది కాబట్టి. కుర్రాళ్లను నేరస్తులుగా చూస్తే చెవులు మూసుకుంటారు. అందుకే పక్కన నిలబడి చూస్తున్నవాళ్లుగా చూశాడు. పార్టీలో తాగి తూలుతున్న అమ్మాయిని నీ టీం కుర్రాడు గదిలోకి తీసుకెళ్తున్నాడు, నువ్వేం చేస్తావు? వాడిని కొట్టడమొక్కటే దారి కాదు. మాట మళ్లించొచ్చు, ఆమె స్నేహితురాళ్లను పిలవొచ్చు, కోచ్‌కు చెప్పొచ్చు. అసలు ఊరుకోకుండా ఉండటం ఎన్ని రకాలుగా కుదురుతుందో చర్చించడమే ఆ శిక్షణ.

తర్వాత ‘కోచింగ్ బాయ్స్ ఇంటు మెన్’ వచ్చింది. ఇందులో కోచ్ వారానికోసారి ప్రాక్టీసు దగ్గర కాసేపు ఇదే మాట్లాడతాడు. కాలిఫోర్నియాలో 16 స్కూళ్లలో పరీక్షించి చూశారు. ఏడాది తర్వాత ఆ కార్యక్రమంలో ఉన్న కుర్రాళ్లలో గర్ల్‌ఫ్రెండ్స్‌ను వేధించడం మిగతావాళ్లకంటే తక్కువ కనిపించింది. ఇది కుర్రాళ్లే స్వయంగా చెప్పిన లెక్క, కాబట్టి కొంచెం తగ్గించే తీసుకోవాలి. ఇదే పద్ధతిని ముంబైలో ‘పరివర్తన్’ పేరుతో క్రికెట్ కోచ్‌ల చేతికిచ్చారు. తర్వాత గోవండీ శివాజీనగర్ బస్తీలో అమ్మాయిలతో కబడ్డీ ఆడిస్తూ ఇంకోటి నడిపారు. మా వైపు పనికొచ్చేది నా లెక్కలో ఈ రెండోదే.

నాకో భయం కూడా ఉంది. మన దగ్గర ఈ మాటెత్తితే చాలు, స్టేజీ ఎక్కినవాడు ‘మన అక్కచెల్లెళ్లను మనమే కాపాడుకోవాలి’ అంటాడు. చప్పట్లు పడతాయి. మర్నాటి నుంచి ఆ కుర్రాడే, ఏ అమ్మాయి ఎవరితో మాట్లాడుతోందో, బస్టాండులో ఎవరి బండెక్కిందో కాపలా కాస్తాడు. బోస్టన్‌లో నేర్పింది తోటి మగవాడిని ఆపడం. మనం నేర్చుకునేది అమ్మాయిని ఆపడం.

తోటి మగవాడిని, అందులోనూ పైవాడిని ఎదిరిస్తే ఖర్చవుతుంది కూడా. 2023లో, రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు లైంగికంగా వేధించాడంటూ ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్న మహిళా రెజ్లర్ల పక్కన రెజ్లర్ బజరంగ్ పునియా కూర్చున్నాడు. ఆ డిసెంబరులో తన పద్మశ్రీని కర్తవ్యపథ్ ఫుట్‌పాత్ మీద పెట్టేసి వెళ్లాడు. నోరు విప్పిన క్రికెటర్లు కొద్దిమందే.

మా కెప్టెన్ ఇప్పుడు పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడు. మొన్న కలిసినప్పుడు ఆ సైకిలు చైను సంగతి అడిగాను. గుర్తులేదన్నాడు. ‘ఇప్పుడు ఆడపిల్లలు కూడా బాగా ఆడుతున్నారురా, ఐదున్నరకే పంపించేస్తా. చీకటి పడ్డాక ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి?’ అన్నాడు. మగపిల్లలు ఏడింటి దాకా ఆడుతూనే ఉన్నారు.