అంగిలి నుంచి బుగ్గకు: గోదావరి డెల్టాలో నోటి క్యాన్సర్ వచ్చిన దారి

గోదావరి వరద తీశాక లంకల్లో మిగిలే ఒండ్రు పొగాకుకు పెట్టింది పేరు. ఘాటైన ఆ లంక పొగాకు చుట్టలకే పోయేది. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారంటే ఈ పంటకు ఇక్కడున్న బలం తెలుస్తుంది. ఈ నేల మీద నోటి క్యాన్సర్ గురించి చెప్పాలంటే చుట్ట దగ్గరే మొదలుపెట్టాలి.

నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఎక్కువ, ఇటు గోదావరి తీరపల్లెల దాకా ఉంది. కాల్చేది ఎక్కువగా ఆడవాళ్లే. గాలికి నిప్పురవ్వలు లేవవు, బూడిద చంటిబిడ్డ మీద పడదు, తడిచేతులతో పని చేసుకుంటున్నా చుట్ట ఆరదు, ఒక్కటే చాలాసేపు వస్తుంది. అందుకే ఆ అలవాటు అంత గట్టిగా పాతుకుపోయింది. నోట్లో వేడి 120 డిగ్రీల దాకా పోతుందని కొలిచినవాళ్లున్నారు. ఆ వేడి, పొగ నేరుగా తగిలేది నోటి పైకప్పుకు, అంటే అంగిలికి. మొదట అంగిలి తెల్లబారి మందమెక్కుతుంది, ఉమ్మి గ్రంథుల నోళ్లు ఎర్రచుక్కల్లా తేలతాయి. ఆ తర్వాత వచ్చే ఎర్రమచ్చలనే ఎక్కువ అనుమానించాలి. మరోచోట అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ కోస్తాలో ఇంతగా ఎందుకుందో విశాఖ వైద్యులు రెడ్డి, రావు 1957లోనే రాశారు. 1971లో డెన్మార్క్ నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించి ప్రచురించిన అధ్యయనం కూడా వేలెత్తి చూపింది అడ్డపొగనే.

చుట్ట తగ్గుతూ వచ్చింది, పొట్లం వచ్చింది. గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ ఎక్కడ అదిమి పెట్టుకుంటే అక్కడే పుండు లేస్తుంది: బుగ్గ లోపల, కింది చిగురు పక్కన. వక్కతో ఇంకో చిక్కు ఉంది. దాని రసం బుగ్గ లోపలి పొరను నారలా బిగదీస్తుంది. కారం తగిలితే మంట, క్రమంగా నోరు తెరుచుకోదు. మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే వెంటనే చూపించుకోవాలి. పొగాకు లేని వక్కపొడి మంచిదేనన్న నమ్మకం తప్పు. వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. గుట్కాను 2013లో రాష్ట్రంలో నిషేధించారు. పాన్ మసాలా, జర్దా వేర్వేరు పొట్లాల్లో కొని కలుపుకుంటే తయారయ్యేది మళ్లీ అదే. పొగాకుకు మద్యం కూడా తోడైతే ప్రమాదం కూడిక లెక్కన కాదు, హెచ్చవేత లెక్కన పెరుగుతుంది.

దేశంలో 2022 అంచనాల ప్రకారం ఏడాదికి లక్షా 40 వేలకు పైగా కొత్త నోటి క్యాన్సర్ కేసులు, దాదాపు 80 వేల మరణాలు. ప్రపంచం మొత్తం కేసుల్లో ఇది మూడో వంతుకు పైనే. జబ్బు తేలాక ఐదేళ్లు బతికేవాళ్లు మన దేశంలో సగం మంది కూడా లేరు. అద్దంలో కనపడే, వేలికి తగిలే జబ్బులో ఇంత మంది పోవడం మింగుడుపడదు. కారణం ఆలస్యమే. మొదట్లో నొప్పి ఉండదు. నోటిపూత అని, వేడి చేసిందని మజ్జిగ తాగి, బి కాంప్లెక్స్ వేసుకుని నెలలు గడిపేస్తారు. కదిలే పన్ను పీకించుకుంటారు, ఆ గాయం మానదు. చివరికి మెడలో గడ్డ కనిపించాకే ఆస్పత్రికి బయల్దేరతారు.

రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డకట్టినట్టు చేతికి తగిలే చోటు: వీటిలో ఏది కనిపించినా ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి. ముక్క తీస్తే పాకుతుందన్న భయం చాలామందిని ఆపుతోంది, అందులో నిజం లేదు. వెలుతురులో నాలుక బయటికి లాగి రెండు అంచులూ, బుగ్గలు, చిగుళ్లు, నాలుక కింద, తల వెనక్కి వంచి అంగిలీ చూడాలంటే రెండు నిమిషాలు చాలు. కట్టుడు పళ్లుంటే తీసేసి చూడాలి. కేరళలో 1996లో మొదలై ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూసిన అధ్యయనంలో, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో మరణాలు 34 శాతం తగ్గాయి.

తొలిదశలో చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. ముదిరితే దవడ ఎముక కొంత తీయాల్సి రావచ్చు, పైగా దాదాపు ఆరు వారాలు రేడియేషన్. దానికి ముందే పాడైన పళ్లు తీయించుకోవాలి. తర్వాత తీస్తే ఆ చోట ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది.