పాతనూనె వాసనకీ మలేరియాకీ ఏమిటి సంబంధం?

ఐసీయూలో ఉన్న వాళ్ళ నాన్నగారికి పాలలాంటి సెలైన్ ఎక్కిస్తుంటే చూసి, ‘అది సోయా నూనె అట, నూనెని నరంలోకి ఎక్కిస్తారా?’ అని ఒక పాఠకురాలు అడిగారు. ఎక్కిస్తారు. స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లింద్ 1960ల మొదట్లో వాడుకలోకి తెచ్చిన ఇంట్రాలిపిడ్ అలాంటిదే. సోయా నూనెకి గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్ కలిపి, ఎర్రకణం పక్కన పెడితే ఆవగింజలా కనిపించేంత సన్నని బొట్లయ్యేదాకా చిలుకుతారు. నోటితో తినలేని మనిషికి అదే తిండి. ప్రశ్నకి జవాబు అయిపోయింది. కానీ ఆ ఎమల్షన్‌నే, అంటే నీళ్ళలో చిలికిన ఆ నూనెనే, మలేరియా మందుగా కూడా పరీక్షించారని చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు జంతికల డబ్బా మూత తీద్దాం. పండక్కి చేసినవి నెల తిరిగేసరికి పాతనూనె వాసన కొడతాయి. నూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసుల్లో అక్కడక్కడా ద్విబంధాలుంటాయి. రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న కార్బన్ మీది హైడ్రోజన్ ఊడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. అది ఊడిన చోట ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది. కూర్చున్నది ఊరుకోదు, పక్క గొలుసు హైడ్రోజన్‌ని లాక్కుని పెరాక్సైడ్ అవుతుంది. ఇప్పుడు పక్కది తన పక్కదాని మీద పడుతుంది. ఇనుము తగిలితే ఆ పెరాక్సైడ్లు పగిలి మళ్ళీ కొత్త దొంగలు పుడతారు. ఒక్క ద్విబంధమున్న ఒలీక్ ఆమ్లం కంటే రెండున్న లినోలీక్ సుమారు పది రెట్లు, మూడున్న లినోలెనిక్ ఇరవై రెట్లకు పైగా వేగంగా పాడవుతాయి. చిన్నప్పుడు కొత్త బ్యాటుకి అవిసె నూనె పట్టించేవాళ్ళం, గుర్తుందా? రెండు మూడు రోజుల్లో అది గట్టి పొరయ్యేది. అవిసె నూనెలో సగం దాకా లినోలెనిక్కే మరి. బడిలో మాత్రం అసంతృప్తమంటే (ద్విబంధాలున్నదాన్ని అలా అంటారు) బ్రోమిన్ నీటి రంగు పోగొట్టేది అని బట్టీ పట్టించారు. బ్యాటు ఊసే లేదు.

నూనె పాడవడానికి ఆక్సిజన్ కావాలి, ఇనుము తోడైతే మరీ మంచిది. ఎర్రకణంలో రెండూ దండిగా ఉన్నాయి. మలేరియా పరాన్నజీవి అందులో దూరి హిమోగ్లోబిన్‌ని తింటుంది, ఇనుమున్న హీమ్‌ని బయటపడేస్తుంది. చాలావరకు నల్లని స్ఫటికాలుగా కట్టి పక్కన పెట్టుకుంటుంది, అయినా కొంత మిగులుతుంది. పైగా తన పొరలకి కావలసిన కొవ్వు ఆమ్లాలని మన రక్తం నుంచే లాక్కుంటుంది. అంటే ఇనప మూకుడులో కాపురం పెట్టి నూనె అరువు తెచ్చుకోవడమే.

మరి ఆ నూనె అక్కడే పాడైతే పరాన్నజీవికే చేటు కదా? ఈ సందేహం పాతదే. 1957లో గాడ్‌ఫ్రే అనే ఆయన ఎలుకల మేతలో కాడ్ చేప కాలేయపు నూనె కలిపితే పరాన్నజీవి అణిగింది. విటమిన్ ఇ కూడా ఇస్తే మళ్ళీ లేచింది. విటమిన్ ఇ పని తన హైడ్రోజన్ ఇచ్చేసి ఆ దొంగల గొలుసుని తెంపడం కదా! 1991లో అమెరికాలో లెవాండర్ బృందం విటమిన్ ఇ లేని మేతలో పొడి చేసిన అవిసె గింజలు కలిపినా ఎలుకలకి రక్షణ దొరికింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆక్సీకరణం చెందిన కొవ్వు ఆమ్లాలే ఎక్కువ గట్టిగా చంపుతాయని చూపారు. 1995లో ఎరిక్ దెహారో, హగాయ్ గిన్స్‌బర్గ్ బృందం సోయా ఎమల్షన్‌నే పరీక్షించింది. అది పరాన్నజీవి పెరుగుదలని అణచింది.

ఇలాంటి పరీక్షల్లో జ్వరం తగ్గిందా అని కాదు, స్లైడు మీద పరాన్నజీవుల్ని లెక్కపెడతారు. చలిజ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. జ్వరమొచ్చిన రోజు తాయెత్తు కడితే మర్నాడు జ్వరం ఉండదు, పేరు తాయెత్తుకి!

మరి ఆసుపత్రుల్లో ఎందుకు వాడరు? సోయా నూనెలోనే విటమిన్ ఇ ఉంది. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొవ్వు ఆమ్లాలని గట్టిగా పట్టేసుకుంటుంది. తీవ్ర మలేరియా రోగి రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు అసలే ఎక్కువగా ఉంటాయి. ఇక వంటనూనె తాగితే పనిచేస్తుందా అంటే, దయచేసి వద్దు.

ఇప్పుడు ప్రాణం మీదికొస్తే ఇచ్చేది ఆర్టిసునేట్ ఇంజెక్షన్. దాని మూలపదార్థం ఆర్టిమిసినిన్, వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గర చుట్టమైన మొక్కలోది. ఆ అణువులో ఒక పెరాక్సైడ్ వంతెన ముందే కట్టి ఉంది. హీమ్‌లోని ఇనుము తగలగానే అది పగులుతుంది. నూనె పాడయ్యేదాకా ఆగక్కర్లేదు.