పిస్టన్స్ కావాలని ఓడిపోలేదండీ!

డెట్రాయిట్ శివార్లలో వారాంతాల్లో పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. గుంటూరులో కాలేజీ టీమ్‌కి ఆడిన అనుభవం, ఇక్కడికొచ్చాక చేసిన కోచింగ్ కోర్సు, ఇదే నా పెట్టుబడి. మన తెలుగువాళ్ల పిల్లలు చాలామందే వస్తారు. వాళ్ల నాన్నలు గోడవారగా కాఫీ పట్టుకుని నిలబడి ఏటా ఒకే మాట అడుగుతారు: "పిస్టన్స్ కావాలనే ఓడిపోతున్నారట కదండీ, డ్రాఫ్ట్‌లో ఫస్ట్ పిక్ కోసం?" పిస్టన్స్ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మా డెట్రాయిట్ టీమ్. డ్రాఫ్ట్ అంటే కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం, ఫస్ట్ పిక్ అంటే అందులో మొదటి వంతు. 2023-24 సీజన్లోనైతే నేను జిమ్ తాళం తీసేలోపే ఎవరో ఒకరు ఈ మాటతో సిద్ధంగా ఉండేవారు. వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: ఓడితే ఫస్ట్ పిక్ వస్తుంది, అందుకే ఓడతారు.

ముందు లెక్క చూడండి. ఎవరు ముందు ఎంచుకోవాలో లాటరీ తీసి తేలుస్తారు. 2019లో మొదలైన పద్ధతిలో అట్టడుగు మూడు టీమ్‌లకీ మొదటి పిక్ అవకాశం సమానం, తలా 14 శాతం. అందరికంటే ఎక్కువ ఓడినందుకు అదనంగా దక్కేది ఒక్కటే: ఐదో పిక్ కంటే కిందికి జారరు. ఆ ఐదోదే వచ్చే అవకాశం 47.9 శాతం, అంటే దాదాపు బొమ్మాబొరుసు. 2019 నుంచి 2025 వరకు జరిగిన ఏడు లాటరీల్లో అట్టడుగు టీమ్‌కి మొదటి పిక్ ఒక్కసారి కూడా రాలేదు. పిస్టన్స్ సంగతే తీసుకోండి. 2022-23లో 17 గెలుపులు, 65 ఓటములు. వచ్చింది ఐదో పిక్. మరుసటి ఏడాది 14 గెలుపులు, 68 ఓటములు. మళ్లీ ఐదో పిక్కే. 2025లో అట్టడుగున ఉన్న యూటా జాజ్‌కీ అదే గతి. అదే ఏడాది 39 మ్యాచ్‌లు గెలిచిన డాలస్ 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ కొట్టి కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాణ్ని ఎగరేసుకుపోయింది. ఇంత నమ్మకం లేని బేరానికి ఎవరైనా 68 మ్యాచ్‌లు సమర్పించుకుంటారా?

ట్యాంకింగ్, అంటే పిక్ కోసం కావాలని ఓడటం, అనేదే లేదని నేననను. ఉంది. కానీ అది మేనేజ్‌మెంట్ పని. సీనియర్లని వేరే టీమ్‌లకి ట్రేడ్ చేసేస్తారు, ఆడగలిగినవాణ్ని కూర్చోబెడతారు. 2023 ఏప్రిల్లో డాలస్ ఇలాగే ముఖ్యమైన ఆటగాళ్లని కూర్చోబెట్టినందుకు లీగ్ 7,50,000 డాలర్ల జరిమానా వేసింది. కోర్టులో ఉన్న ఐదుగురికి మాత్రం ఓడితే ఒరిగేదేమీ లేదు. వాళ్ల తర్వాతి కాంట్రాక్టు వాళ్ల ఆట మీదే ఆధారపడుతుంది. పైగా ఆ ఫస్ట్ పిక్‌గా వచ్చే కుర్రాడు కూర్చునేది ఎవరి కుర్చీలో? వీళ్లలో ఒకరి కుర్చీలోనే. తన ఉద్యోగానికి ఎసరు పెట్టేవాడి కోసం ఎవరూ చెమటోడ్చి మరీ ఓడిపోరు.

2023-24లో పిస్టన్స్ మేనేజ్‌మెంట్ కూడా ఓడాలనుకోలేదు. మాంటీ విలియమ్స్‌ని కోచ్‌గా ఆరేళ్లకి 7.85 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. అప్పటికి ఎన్‌బీఏలో ఏ కోచ్‌కీ అంత కాంట్రాక్టు లేదు. ఓడదామనుకున్నవాడు అంత డబ్బు పోస్తాడా? మొదటి మూడు మ్యాచ్‌లలో రెండు గెలిచారు కూడా. తర్వాత మొదలైంది ఆ 28 ఓటముల వరుస. దూరం నుంచి బాగా వేసే బొగ్డనోవిచ్ గాయంతో మొదటి నెలంతా లేడు. మిగిలినవాళ్లు కుర్రాళ్లు. బయటినుంచి త్రీ (మూడు పాయింట్ల షాట్) వేసేవాళ్లు తక్కువైతే డిఫెన్స్ అంతా రింగ్ కింద గుమిగూడుతుంది, టీమ్ స్టార్ కేడ్ కనింగ్‌హామ్‌కి దారి ఉండదు, బంతి పోతుంది. 27వ ఓటమి రోజు అతను 41 పాయింట్లు కొట్టాడు, అయినా బ్రూక్లిన్ చేతిలో 118-112తో ఓడారు. స్టాండ్స్‌లో జనం టీమ్ అమ్మేయమని ఓనర్ మీద అరుపులు.

సరిగ్గా ఆ డిసెంబర్లోనే నా పన్నెండేళ్లలోపు పిల్లల టీమ్ వరసగా ఆరు ఓడింది. వాళ్లలో ఒకడు, డిఫెన్స్‌లో నా నమ్మకమంతా వాడి మీదే, బంతి పోయాక వెనక్కి పరిగెత్తడం మానేశాడు. ప్రాక్టీస్ అయ్యాక పక్కకి పిలిచి అడిగితే, "మనం ట్యాంక్ చేస్తున్నాం కదా కోచ్? డాడీ చెప్పారు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా లీగ్‌లో డ్రాఫ్ట్ లేదు, లాటరీ లేదు. ఓడితే వచ్చేది మరో శనివారం ప్రాక్టీసే.

వాళ్ల నాన్న మంచివాడే. కారులో పిల్లాడు ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి అన్నాడట. నేనూ తండ్రినే, అర్థమవుతుంది. వెనక సీట్లో ఏడుపు వినపడుతుంటే నోటికొచ్చిన ఓదార్పేదో చెప్పేస్తాం. కానీ పిల్లాడు దాన్ని ఓదార్పుగా తీసుకోలేదు, ప్లాన్ అనుకున్నాడు. ఈ పుకారుతో నాకున్న పేచీ ఇదే. పిస్టన్స్‌కి దీనివల్ల పోయేదేమీ లేదు, మన పిల్లలు పరుగు ఆపేస్తున్నారు.

తర్వాతి వారం ప్రాక్టీస్ ఆపి, లాప్‌టాప్‌లో పిస్టన్స్ బోస్టన్‌లో ఆడిన మ్యాచ్ పెట్టాను. డిసెంబర్ 28, అప్పటికే 27 వరస ఓటములు. సగం ఆటకి 66-47తో పిస్టన్స్‌దే పైచేయి! పిల్లలు నోరెళ్లబెట్టారు. ఓవర్‌టైమ్‌లో 128-122తో ఓడారనుకోండి, అది వేరే సంగతి. ఓడాలనుకున్నవాళ్లు బోస్టన్‌లో 19 పాయింట్ల ముందుంటారా అని అడిగాను. పరుగు మానేసిన ఆ పిల్లాడు నేల చూపులు చూశాడు. ఆ రెండో సగంలో టర్నోవర్లు, అంటే పిస్టన్స్ ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నారో, లెక్కపెట్టే పని వాడికే అప్పగించాను.

మిగతా అపోహలు చకచకా చెప్పేస్తాను.

మంచి కోచ్ వస్తే చాలంటారు. విలియమ్స్ 2022లో కోచ్ ఆఫ్ ది ఇయర్. ఇక్కడ 68 ఓడి 2024 జూన్లో ఇంటికెళ్లాడు. ఆయన తర్వాత కోచ్‌గా బికర్‌స్టాఫ్ వచ్చాక 44 గెలిచారుగా అంటారు. నిజమే, కానీ ఆయనతోపాటే బీస్లీ, టోబియాస్ హ్యారిస్, టిమ్ హార్డవే జూనియర్ అనే ఆటగాళ్లూ వచ్చారు. బీస్లీ ఒక్కడే ఆ సీజన్లో 319 త్రీలు వేశాడు.

ఒక్క స్టార్ ఉంటే చాలంటారు. ఆ 41 పాయింట్ల రాత్రి మళ్లీ చదవండి.

ఇన్ని ఓడారు కాబట్టి ఈసారి గెలుపు ఖాయమని మాత్రం అనకండి, అందులోనూ యాప్‌లో బెట్ పెట్టడానికి. మా పేరెంట్ ఒకాయన ఆ డిసెంబరంతా అలాగే పెట్టి ఎంత పోగొట్టుకున్నాడో వాళ్లావిడకి ఇప్పటికీ చెప్పలేదు. రేపటి మ్యాచ్‌కి నిన్నటి ఓటములతో బాకీ ఏమీ ఉండదు.

వరస తెగింది డిసెంబర్ 30న, టొరంటో మీద 129-127. ఆ రోజే టొరంటో ట్రేడ్ చేయడంతో వాళ్లకి ఆటగాళ్లు తక్కువయ్యారు. అయితేనేం, గెలుపు గెలుపే. సోమవారం మావాడు ఫోన్ చేశాడు: "కోచ్, బోస్టన్ మ్యాచ్ టర్నోవర్లు రెండుసార్లు లెక్కపెట్టా. వేరే వేరేగా వచ్చాయి. మూడోసారి మీరు కూడా పక్కనుండండి."